కడియం నర్సరీలు: పువ్వు కాదు, కవర్ అడుగు చూడండి

రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్లే హైవే మీద వేమగిరి దాటగానే మొక్కలే మొక్కలు. కడియపులంక, బుర్రిలంక, వీరవరం లోపలికి పోయేకొద్దీ రకాలూ పెరుగుతాయి, బేరానికీ చోటుంటుంది. చిక్కల్లా అమ్మేవాళ్ల ఒక్క మాటతోనే: "ఎక్కడైనా బతుకుద్దండి." కుండీలో కులికే థూజాకీ అదే మాట, గన్నేరుకీ అదే మాట. మన పెరట్లో బతకడమంటే వేరు. సార్వా (ఖరీఫ్) వానలకి మొక్క మొదట్లో రెండ్రోజులు నీళ్లు నిలుస్తాయి. కాలువలకి నీళ్లు ఆపేశాక మే నెలలో అదే నేల నెర్రెలిస్తుంది. ఆపైన అక్టోబరు, నవంబరు తుపాన్లు.

వీటన్నిటికీ ఓర్చే పొదల్లో నందివర్ధనానిదే పైచేయి. ముద్దదైనా రేకదైనా సరే, కంచెకి మూడడుగులకొకటి వేయండి. ఆకు మీద తెల్ల మచ్చలున్న రకం చూడ్డానికి బాగుంటుంది గానీ ఎదుగుదల తక్కువ, కంచెకి పనికిరాదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి గన్నేరు, కాగితం పూలు నయం. గన్నేరు నిలువెల్లా విషమే, పశువులు తిరిగే చోట వద్దు. కాగితం పూలకి నీళ్లెక్కువైతే ఒట్టి ఆకే.

అందరూ ఎగబడి కొనే నూరువరహాలుకి మాత్రం నల్లరేగడి పడదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో లేత ఆకు పసుపెక్కితే అది ఇనుము లోపం, యూరియా వేసి లాభం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారానికోసారి చొప్పున మూడు సార్లు పిచికారీ చేయాలి. తూము పక్క తడి మూలకి మెట్టతామర, హెలికోనియా చాలు.

ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లలో పొగడ, పొన్న కొనండి. నిదానంగా పెరుగుతాయని నర్సరీలో పెద్దగా చూపించరు. ఏడాకులపాల వేగంగా లేస్తుంది, గాలికి కొమ్మలూ అంతే వేగంగా విరుగుతాయి. అశోక అని అమ్మే స్తంభంలాంటి చెట్టు నిజానికి నరమామిడి. సీతమ్మ కూర్చున్న అశోకం వేరు.

ఇక మొక్క ఉండే ప్లాస్టిక్ కవర్ సంగతి. కాండం పట్టుకుని మెల్లగా పైకి లేపండి. మట్టిగడ్డ కూడా లేస్తే మంచి మొక్క. కాండం ఒక్కటే ఊగితే మొన్ననే పెద్ద కవర్‌లోకి మార్చి పెద్ద ధర చెబుతున్నారన్నమాట. అడుగు చిల్లుల్లోంచి పెన్సిలంత లావు వేరు నేల్లోకి దిగి ఉంటే వదిలేయండి. లాగినప్పుడు ఆ వేరు తెగుతుంది, ఇంటికొచ్చిన వారానికి ఆకు రాలుతుంది. వేర్లు కవర్ చుట్టూ చుట్టుకుని ఉంటే నాటేటప్పుడు బ్లేడుతో మట్టిగడ్డకి నాలుగు వైపులా అరంగుళం లోతున నిలువు గాట్లు పెట్టాలి. లేకపోతే ఆ చుట్టు అలాగే లావెక్కి, ఆరేడేళ్లకి ఓ తుపానుకి చెట్టు మొదలంటా ఒరుగుతుంది.

రేగట్లో గొయ్యి తవ్వి మెత్తటి ఎరువుతో నింపితే అది నీళ్ల తొట్టే, వేరు కుళ్లుతుంది. అందుకే అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. తీసిన మట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, పొదకి పావుకిలో వేపపిండి. కాండం మొదలు కవర్‌లో ఎంత లోతున ఉందో అంతే ఉంచండి, పైకి మట్టి ఎగదోయకండి. దాళ్వా (రబీ వరి) చేలకి ఆనుకున్న ఇళ్లకి ఈ దిబ్బ మరీ ముఖ్యం.

షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కని తెచ్చిన రోజే ఎండలో నాటితే ఆకు మాడుతుంది. పది రోజులు చెట్టు నీడన ఉంచాలి. ఆటోలో సాయంత్రం ఎక్కించమనండి, పైన పాత చీరైనా కప్పి కట్టమనండి. హైవే గాలి ఎండకంటే చెడ్డది.