ఎల్‌డీడీ-3: ఏళ్ల తరబడి వాడాక ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, రాయడం నేర్చుకుంటానంటే అమీర్‌పేటలో ఎవరైనా ముందు చెప్పే పేరు ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో కూర్పు, అదే ఎల్‌డీడీ-3. 2005లో వచ్చింది, 2.6.10 కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మీద రాసింది. పీడీఎఫ్ ఉచితమే, కోఠిలో జిరాక్స్‌కి డబ్బులు పోయొద్దు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెండో కూర్పు కనబడినా తీసుకోకండి. అది 2.4 కాలానిది, మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కించే ముక్క) బిల్డ్ చేసే పద్ధతే వేరు.

ఇన్నేళ్లు వాడాక నేను చెప్పేది ఒకటే: ఈ పుస్తకం విషయం అర్థం కావడానికి, కోడ్ ఎత్తి రాసుకోవడానికి కాదు. 5వ అధ్యాయం లాకింగ్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టకుండా ఆపడం), 10వది ఇంటరప్టులు (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు). స్పిన్‌లాక్ (ఖాళీ అయ్యేదాకా తిరుగుతూ కాచుకునే తాళం) పట్టుకుని ఎందుకు నిద్రపోకూడదో, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఎంత పని చేసి మిగతాది ఎప్పటికి వాయిదా వేయాలో ఇంత ఓపిగ్గా చెప్పిన చోటు నాకు ఇంకోటి దొరకలేదు. పుస్తకంలోని ‘స్కల్’ అనే ఉదాహరణ డ్రైవర్‌కు హార్డ్‌వేరే అక్కర్లేదు, మెమరీనే డివైస్. 16వ అధ్యాయం బ్లాక్ డ్రైవర్లు (డిస్కుల్లాంటివాటికి) మాత్రం పక్కన పెట్టేయండి, అందులోని పాత రిక్వెస్ట్ క్యూ పద్ధతి 5.0 కెర్నల్‌లో పూర్తిగా పోయింది. డ్రైవర్ పోగానే తీసుకున్నవాటిని తామే వదిలేసే డెవ్‌ఎమ్ ఫంక్షన్ల ఊసే పుస్తకంలో లేదు.

కోడ్ యథాతథంగా కొడితే కంపైల్ కాదు. ఫైల్ ఆపరేషన్స్ (డ్రైవర్ ఫంక్షన్ల పట్టిక)లో ‘ఐఆక్టల్’ 2.6.36లో పోయి ‘అన్‌లాక్డ్ ఐఆక్టల్’ మిగిలింది. టైమర్‌కి 4.15 నుంచి ‘టైమర్ సెటప్’ వాడాలి. తర్వాత వచ్చిన ట్యుటోరియల్సూ ఇంతే: ‘క్లాస్ క్రియేట్’కి 6.4 నుంచి ‘దిస్ మాడ్యూల్’ ఇవ్వకూడదు. ఇవన్నీ కంపైలరే పట్టిస్తుంది, భయం లేదు. అది పట్టించనివి ఉంటాయి. కెర్నల్ నుంచి ప్రోగ్రాంకి డేటా అందించే ‘కాపీ టు యూజర్’ తిరిగి ఇచ్చేది కాపీ కాకుండా మిగిలిన బైట్ల సంఖ్య. 100లో 40 మిగిలితే 40 ఇస్తుంది. ఆ 40నే ‘రీడ్’ నుంచి పంపేస్తే ప్రోగ్రాం 40 బైట్లు అందాయనుకుంటుంది. సున్నా కాకపోతే మైనస్ ఈఫాల్ట్ అనే ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. పుస్తకం ఇది సరిగ్గానే చూపిస్తుంది, తొందరలో చదివేవాళ్లు ఆ రెండు లైన్లు దాటేస్తారు.

అసలు డాక్యుమెంటేషన్ కెర్నల్ సోర్స్‌లోనే ఉంది. చాలామంది ఉబుంటులో హెడర్స్ ప్యాకేజీ (‘.హెచ్’ ఫైళ్లు) ఒక్కటే వేసుకుని ‘డాక్యుమెంటేషన్ లేదు’ అంటారు. ఫంక్షన్ వివరణ కామెంట్లు ఎక్కువగా ‘.సి’ ఫైళ్లలో ఫంక్షన్ నెత్తిన ఉంటాయి, ఆ ప్యాకేజీలో అవి రావు. ‘యూనేమ్ -ఆర్’తో మీ కెర్నల్ వెర్షన్ చూసి, సరిగ్గా ఆ వెర్షన్ సోర్సే దించుకోండి. స్ఫింక్స్ (డాక్యుమెంటేషన్ తయారుచేసే టూల్) వేసి ‘మేక్ హెచ్‌టీఎమ్ఎల్‌డాక్స్’ కొడితే చదవడానికి వీలుగా తయారవుతుంది. మొత్తం కట్టడానికి చాలాసేపు పడుతుంది, ‘స్ఫింక్స్‌డిర్స్’తో ‘డ్రైవర్-ఏపీఐ’ ఒక్కటే కట్టుకోవచ్చు.

ఏదైనా ఫంక్షన్ మాయమైతే గిట్ (కోడ్ మార్పుల్ని దాచే టూల్) చరిత్ర అడగాలి. ‘గిట్ లాగ్ -ఎస్’ (పెద్ద ఎస్) పెట్టి దాని పేరు, ఆ తర్వాత హెడర్ ఫైల్ ఇవ్వండి. తీసేసిన కమిట్ (మార్పు నమోదు) దొరుకుతుంది, బదులు ఏం వాడాలో తరచుగా ఆ సందేశంలోనే ఉంటుంది. ఒక జాగ్రత్త: ఆ పేరు ఎన్నిసార్లు ఉందన్నది మారితేనే ‘-ఎస్’కి తెలుస్తుంది. ఆర్గ్యుమెంట్ మాత్రమే మారిన ‘క్లాస్ క్రియేట్’ లాంటివాటికి ‘-జీ’ (ఇదీ పెద్ద జీ) వాడాలి. డేటా మిగుల్తుందని డెప్త్ 1తో క్లోన్ చేస్తే చరిత్రే రాదు, ఈ రెండూ పనిచేయవు.

ఏఆర్ఎమ్ బోర్డులకైతే డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పే వర్ణన) బైండింగ్స్ ఫోల్డర్‌లో మీ చిప్ యామల్ ఫైల్ ముందు చదవండి. ఆ తర్వాత అదే ‘కంపాటిబుల్’ పదాన్ని డ్రైవర్స్ ఫోల్డర్‌లో గ్రెప్ చేస్తే (వెతికితే), నడుస్తున్న డ్రైవరే ఎదురుగా కనిపిస్తుంది.