ఒక్క రాత్రి కొండ మీద ఉండడానికి ఏ బ్యాగు మేలు: 30 లీటర్లదా, 40దా, 60దా?

శనివారం మధ్యాహ్నం బయల్దేరి, రాత్రి కొండ మీదో చెరువు పక్కనో పడుకుని, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరే నడకలంటే మా విజయనగరంలో నాకు తెలిసిన కుర్రాళ్లందరికీ ఇప్పుడు భలే ఇష్టం. చలికాలం మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఎన్ని లీటర్ల బ్యాగు తీసుకోమంటావు?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే, నీ వీపు పొడవెంత? చాలామందికి తెలీదు. షర్టు సైజు తెలుసు, చెప్పుల సైజు తెలుసు, పది కేజీలు మొయ్యబోయే వీపు కొలత మాత్రం ఎప్పుడూ తీసి ఉండరు. బ్యాగు ఒంటికి సుఖంగా ఉంటుందా, గంటకే ప్రాణం తీస్తుందా అన్నది లీటర్ల కన్నా ముందు అక్కడే తేలుతుంది.

ఇది నాకు మా జిల్లాలోని పుణ్యగిరి కొండ మీద తెలిసొచ్చింది. ఎస్.కోట (శృంగవరపుకోట)లో బస్సు దిగి నేనూ మా బావమరిదీ నడక మొదలుపెట్టాం. వాడి దగ్గర కాలేజీ రోజులనాటి 30 లీటర్ల బ్యాగు, నా దగ్గర ఆన్‌లైన్లో తక్కువలో వస్తోందని తెప్పించిన 60 లీటర్ల రక్‌సాక్. వాడి బ్యాగుకి నడుం బెల్టు లేదు, వీపు దగ్గర బ్యాగుని నిటారుగా నిలిపే గట్టి ఫ్రేమూ లేదు, స్లీపింగ్ బ్యాగు లోపల పట్టక కింద తాడుతో కట్టాడు, అది అడుగడుక్కీ వెనక కొడుతూనే ఉంది. అరగంటకే "ఏటి బావా, భుజాలు పీకేస్తన్నాయి" అన్నాడు. నా పరిస్థితీ అంతే. నా బ్యాగుకి బెల్టు ఉంది, కానీ ఫ్రేము నా వీపు కన్నా పొడుగు, అందుకని బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోకుండా కిందకి జారి తొడలకి అడ్డం పడేది, భుజం పట్టీలు ఎంత బిగించినా వీపుకీ బ్యాగుకీ మధ్య చెయ్యి దూరేంత సందు. బ్యాగులు మార్చుకుని చూశాం. ఒకడి బాధ ఇంకొకడికి వచ్చింది, అంతే.

ఆ ఆదివారం ఇంటికొచ్చి చేసిన మొదటి పని, మోసుకెళ్లినవన్నీ కాటా మీద పెట్టి రాసుకోవడం. స్లీపింగ్ బ్యాగు కేజీ. ఇద్దరు పట్టే టెంటు రెండున్నర కేజీలు, చెరి సగం పంచుకుంటే కేజీంపావు. కింద పరుచుకునే మ్యాట్ అరకేజీ. మూడు లీటర్ల నీళ్లంటే మూడు కేజీలు, ఇందులో బేరం లేదు, మన ఉక్కపోతలో ఎక్కుడు దారికి అంతకన్నా తక్కువ పట్టుకెళ్లొద్దు. తిండి ఒక కేజీ, బట్టలూ పొందూరు తువ్వాలూ కలిపి ఇంకో కేజీ, టార్చి, పవర్‌బ్యాంకు, మందులు, చిన్న కత్తి కలిపి అరకేజీ. ఇది ఎనిమిదీ పావు. బ్యాగు సొంత బరువు కేజీన్నర వేసుకుంటే దగ్గర దగ్గర పది కేజీలు. ఒక రాత్రికి వెళ్లే మనిషి తన బరువులో అయిదో వంతు దాటి మొయ్యకూడదని నడిచేవాళ్లు సాధారణంగా పెట్టుకునే లెక్క, అంటే అరవై కేజీల మనిషికి పన్నెండు. కాబట్టి పది ఫరవాలేదు, కానీ ఆ పదీ భుజాల మీద వేలాడితే ఫరవాలేదు అనలేం. నడుం బెల్టు ఉన్న బ్యాగులో ఎక్కువ భారం తుంటి మీదకి దిగి, అక్కణ్ణుంచి కాళ్లలోకి పోతుంది. భుజాలు బ్యాగుని వెనక్కి పడిపోకుండా పట్టుకుంటే చాలు.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

30 లీటర్ల మెత్తటి బ్యాగుని తీసిపారెయ్యొద్దు. అరకు వైపు వెళ్లి టెంటూ దుప్పటీ వాళ్లే ఇచ్చే చోట దిగుతున్నారనుకోండి, లేదా గుడి సత్రంలో పడుకుంటున్నారనుకోండి, అప్పుడు మోసేది అయిదారు కేజీలే. దానికి ఈ బ్యాగు చక్కగా సరిపోతుంది, కిరండోల్ ప్యాసింజర్‌లో సీటు కిందకి తోసెయ్యొచ్చు, పల్లెవెలుగు బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చు, ఊళ్లో తిరగడానికీ అదే పనికొస్తుంది. ఆరేడు కేజీలు దాటిందంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. ఫ్రేము లేకపోతే బ్యాగు గుండ్రంగా ఉబ్బి వీపు మీద బంతిలా కూర్చుంటుంది, బరువు వెనక్కి లాగుతుంది, మనం తెలీకుండానే ముందుకి వంగి నడుస్తాం, మర్నాడు మెడ తిరగదు. దానికి సన్నటి పట్టీ ఒకటి కుట్టి నడుం బెల్టు అని అమ్ముతారు, నమ్మకండి. అరచెయ్యంత వెడల్పూ లోపల దళసరి ఫోమూ లేని బెల్టు బ్యాగు ఊగకుండా ఆపుతుంది తప్ప బరువు మొయ్యదు.

60 లీటర్లది కొనేటప్పుడు అందరూ చెప్పే మాట, "పెద్దదుంటే అన్నిటికీ పనికొస్తుంది కదా" అని. పనికిరాదు. ఖాళీ బ్యాగే రెండు కేజీలుంటుంది, ఖాళీ జాగా కనిపిస్తే ఇంట్లో అమ్మ ఇంకో దుప్పటి పెడుతుంది, మనం ఇంకో జత బట్టలు పెడతాం. సగమే నింపితే సామాను అడుక్కి జారి బ్యాగు ఆకారం పోతుంది. వరసగా నాలుగైదు రోజులు నడిచే హిమాలయాల ట్రెక్కుకైతే కొనండి, లేదా పిల్లల్ని తీసుకెళ్తూ వాళ్ల సామాను కూడా మీరే మోస్తుంటే కొనండి. తాటిపూడి రిజర్వాయరు పక్కన ఒక రాత్రికి అది దండగ.

కాబట్టి టెంటూ స్లీపింగ్ బ్యాగూ మోసుకెళ్లే ఒక్క రాత్రి నడకకి నా ఓటు 38 నుంచి 42 లీటర్ల మధ్య, లోపల ఫ్రేమున్న, దిట్టమైన నడుం బెల్టున్న బ్యాగుకే. ఇందులో నాకు అనుమానం లేదు. అసలు తర్జనభర్జన ఈ సైజు లోపలే ఉంది, వీపు దగ్గర వల ఉన్నది తీసుకోవాలా, ఫోమ్ ఉన్నది తీసుకోవాలా అని.

వల రకంలో ఫ్రేము విల్లులా వంగి ఉంటుంది, దాని మీద నెట్ బిగించి కడతారు, మన వీపు నెట్‌కి ఆనుతుంది, నెట్‌కీ సంచికీ మధ్య గాలి ఆడుతుంది. మన కోస్తా గాలిలో తేమ గురించి వేరే చెప్పక్కర్లేదు, డిసెంబరులో కూడా పది గంటలు దాటాక ఎక్కుడు దారిలో చొక్కా పిండుకోవాలి. వీపు తడిసిపోయి ఉంటే ఒరుసుకుపోతుంది, సాయంత్రం పైన చల్లగాలి తగిలేసరికి వణుకు పుడుతుంది. వల ఉంటే ఆ బాధ బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. సంచి వీపుకి రెండు మూడు అంగుళాలు దూరంగా ఉంటుంది కాబట్టి బరువు కొంచెం వెనక్కి లాగుతుంది, ఫ్రేము వంపు లోపలి జాగాని తినేస్తుంది, గట్టి వాటర్ బాటిల్ నిలువుగా పెడితే ఆ వంపుకి తగిలి అడ్డదిడ్డంగా కూర్చుంటుంది. సాధారణంగా బరువూ ధరా కూడా కాస్త ఎక్కువే.

ఫోమ్ రకం వీపుని అంటిపెట్టుకుని ఉంటుంది, మనతోపాటే కదులుతుంది. కటికి జలపాతం దగ్గర రాళ్ల మీద చెయ్యీ కాలూ వేసి దిగేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది, వల బ్యాగు ఒక్కోసారి మనం ఆగాక ఇంకో అర సెకను ఊగుతుంది, ఫోమ్‌ది అలా చెయ్యదు. పన్నెండు కేజీలు దాటినా ఇదే స్థిమితంగా ఉంటుంది. చెమట మాత్రం తప్పదు, మధ్యలో గాలి పోయే గాడులున్నాయని లేబుల్ మీద రాసినా సరే.

నేను వల తీసుకున్నాను, మా బావమరిది ఫోమ్ తీసుకున్నాడు, మూడు చలికాలాలుగా రెండూ వాడుతున్నాం. తెలిసిన కాలిబాటలో, పది కేజీల లోపు, వలే మేలు. ఉప్పు చెమటకి వీపంతా పేలిపోయే ఒళ్లు నాది, నాకు అదే వరం. రాళ్లెక్కడం ఇష్టమైనవాళ్లూ, కెమెరాలూ స్టాండ్లూ మోసేవాళ్లూ ఫోమ్ తీసుకోండి. మహేంద్రగిరి మాకు కనిపించేది మందస వైపు నుంచే అయినా కొండ ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, ఎత్తు 1501 మీటర్లు, పైన భీముడి పేరుతో, కుంతి పేరుతో రాతి గుడులున్నాయి, శివరాత్రికి జనం బాగా ఎక్కుతారు. అంత ఎక్కుడుకి మా ఇద్దరిలో ఎవరిది మేలు అంటే పొద్దున్న నాది, మధ్యాహ్నం దిగేటప్పుడు వాడిది.

ఇక కొలత. తల ముందుకి వంచితే మెడ కింద ఒక ఎముక బొడిపెలా తగులుతుంది, టేపు అక్కడ మొదలు. రెండు చేతులూ తుంటి ఎముకల పైఅంచు మీద ఆనించి బొటనవేళ్లు వెనక్కి పెట్టండి, ఆ రెండు వేళ్లనీ కలిపే గీత వెన్నెముకని ఎక్కడ దాటుతుందో అక్కడ టేపు ఆఖరు. వేరేవాళ్లు కొలవాలి, మనకి మనం కొలుచుకోలేం. నాది 44 సెంటీమీటర్లు. మా బావమరిది నాకన్నా మూడంగుళాలు పొడుగు, వాడిది 45, ఎందుకంటే వాడి పొడుగంతా కాళ్లలో ఉంది. అందుకే మనిషి ఎత్తు చూసి బ్యాగు ఇచ్చే షాపతన్ని నమ్మొద్దు. పట్టీలు పైకీ కిందకీ జరుపుకునే రకం దొరికితే ఇంట్లో ఇద్దరు వాడుకోవచ్చు. ఆడవాళ్ల కోసం విడిగా చేసేవి ఉన్నాయి, వాటి భుజం పట్టీలు లోపలికి వంపు తిరిగి ఉంటాయి, బెల్టు కోణం వేరు, మా చెల్లికి నా బ్యాగు ఇచ్చినప్పుడు ఛాతీ దగ్గర పట్టీలు ఒత్తుకుని గంటలో తీసేసింది, ఆ రకానిది కొన్నాక మళ్లీ ఆ మాటే లేదు.

ఆన్‌లైన్లో కొన్నా సరే, ట్యాగు తెంపకుండా ఇంట్లోనే పరీక్ష పెట్టండి. ఎనిమిది కేజీల బియ్యం దుప్పట్లో చుట్టి లోపల పెట్టండి. పట్టీలన్నీ వదులు చేసి తగిలించుకోండి. ముందు నడుం బెల్టు, తుంటి ఎముకల మీద సరిగ్గా కూర్చోవాలి, పొట్ట మీద కాదు. తర్వాత భుజం పట్టీలు, తర్వాత భుజాల పైన బ్యాగుని దగ్గరికి లాగే చిన్న పట్టీలు, ఆఖర్న ఛాతీ పట్టీ. ఈ వరస తప్పితే మంచి బ్యాగు కూడా బాగోదు. అలా మేడ మెట్లు అరగంట ఎక్కి దిగండి. భుజం పైన వేలు దూర్చితే సులువుగా దూరాలి. ఎక్కడైనా ఎముక మీద మంటగా ఉంటే వెనక్కి పంపెయ్యండి, వాడగా వాడగా సర్దుకుంటుంది అనేది చెప్పులకి నిజమేమో గానీ బ్యాగు ఫ్రేముకి కాదు.

వాన సంగతి కూడా చెప్పాలి, అక్టోబరు అంటే మనకి తుపాన్ల నెల, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటింది అక్టోబరు 11నే. తుపాను హెచ్చరికుంటే ట్రిప్పు మానెయ్యడమే, మామూలు జల్లుకి మాత్రం సిద్ధంగా ఉండాలి. బ్యాగుతో వచ్చే రెయిన్ కవరు బయటి వైపునే కాపాడుతుంది, వీపు వెంట కారే నీళ్లు కుట్ల లోంచి లోపలికి పోతాయి. నేను లోపల పెద్ద దళసరి ప్లాస్టిక్ సంచి పరిచి స్లీపింగ్ బ్యాగూ పొడి బట్టలూ అందులో పెట్టి మూతి మెలితిప్పుతాను. కవరు ఉందా లేదా అని బ్యాగుల మధ్య తేల్చుకోవాల్సిన పని లేదు.

తిండి మాత్రం పైనే ఉండాలి, విడి సంచిలో. చోడిపిండి (రాగిపిండి), అటుకులు, బెల్లం, పలాస జీడిపప్పు, ఇంతకన్నా బరువు తక్కువ బలం ఎక్కువ తిండి నాకు కనపడలేదు. కానీ ఉద్దానం వైపు ఎలుగుబంట్లు జీడి తోటల్లోకీ పనస చెట్ల కిందకీ వస్తాయి, సీతంపేట, కురుపాం వైపు ఏనుగులు తిరుగుతున్నాయి. ఫారెస్టు వాళ్లని అడక్కుండా రాత్రి ఉండొద్దు, తిండి సంచి టెంటులో పెట్టుకోవద్దు. చాలా రక్‌సాక్‌లకి ఛాతీ పట్టీ బకిల్‌లోనే చిన్న ఈల ఉంటుంది, కొనేటప్పుడు ఊది చూడండి, తోడువాళ్ల నుంచి తప్పిపోయినప్పుడు గొంతు కన్నా అది ఎక్కువ దూరం పోతుంది.

ఇంటికొచ్చాక తడి బ్యాగుని మడిచి అటక మీద పెట్టేవాళ్లు చాలామంది. గుడ్డ లోపలి వైపు నీళ్లు ఆగడానికి వేసే పూత మన తేమకి మెల్లగా జిగురెక్కి, పొరలు పొరలుగా రాలుతుంది, పుణ్యగిరి వెళ్లిన ఆ 60 లీటర్ల బ్యాగు చివరికి అలాగే పోయింది. చెమట ఉప్పు మామూలు నీళ్లతో కడిగి, జిప్పులన్నీ తెరిచి, నీడలో ఆరబెట్టండి. నా వల బ్యాగు ఇప్పుడు పడగ్గదిలో ఫ్యాను గాలి తగిలే మేకుకి వేలాడుతుంది, ఏడాది పొడుగునా.