చేతులు కాలకముందే ఆకులు: చెంగ్డూ నుంచి చావోజౌ దాకా గైవాన్ కోసం

గైవాన్ అంటే చైనా వాళ్లు టీ చేసుకునే మూత గిన్నె. పిడి ఉండదు, కొమ్ము ఉండదు. ఒక సాసర్, ఒక గిన్నె, ఒక మూత, అంతే. మరిగే నీళ్లు పోసిన పింగాణీని ఉత్త చేత్తో పట్టుకుని వంచాలి. ఆన్‌లైన్‌లో ముచ్చటపడి తెప్పించుకుని, వేళ్లు చురుక్కుమనగానే షోకేసులోకి ఎక్కించేసిన వాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురున్నారు.

అక్కా నేనూ చైనా వెళ్లింది టీ కోసమే. చైనా గోడ చూడలేదు, పాండాల దగ్గరికీ పోలేదు. గైవాన్ పట్టడం ఏ ఊళ్లో నేర్చుకోవచ్చు, ఎక్కడ కొనాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ డబ్బు దండగ అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క ఊరికే టైముంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా చావోజౌ వెళ్లండి.

2025 అక్టోబర్ చివర్లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి డైరెక్ట్ ఫ్లైట్లు మళ్లీ మొదలవడంతో ఈ దారి సులువైంది. బయల్దేరే ముందే అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లో మన వీసా కార్డో మాస్టర్ కార్డో కలుపుకోండి. టీ కొట్టు దగ్గర్నుంచి టాక్సీ దాకా అంతా ఫోన్లోనే. రైలు టికెట్టు పాస్‌పోర్టు మీదే వస్తుంది. స్టేషన్లో ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టు తీసుకోకపోతే టెన్షన్ పడొద్దు, పక్కనే మనిషి ఉండే గేటుంటుంది.

ముందు చెంగ్డూ. ఇక్కడి పీపుల్స్ పార్కులో 1923 నుంచి నడుస్తున్న హెమింగ్ టీహౌస్ ఉంది. చెట్ల కింద వెదురు కుర్చీలు, చిన్న చిన్న బల్లలు, చుట్టూ పేకాట, కబుర్లు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు. చెవులు శుభ్రం చేసేవాళ్లు లోహపు పట్టకారు టింగుమని మోగిస్తూ మధ్యలో తిరుగుతుంటారు (అక్క చెవులు రెండూ మూసుకుని కూర్చుంది). ఒక్క గైవాన్ మల్లెపూల టీ చెప్పి మధ్యాహ్నమంతా కూర్చున్నా లేవమనేవాళ్లు లేరు. వేడినీళ్లు మళ్లీ మళ్లీ పోసుకోవచ్చు. మూత తీసి పక్కన వెల్లకిలా పెడితే నీళ్లు కావాలని అర్థం. మూతని కుర్చీ మీద పెట్టి వెళితే మళ్లీ వస్తానని అర్థం.

చెంగ్డూలో గైవాన్ పట్టుకుని తాగుతారు గానీ, అందులోంచి కప్పుల్లోకి వంచరు. ఎడమ చేత్తో సాసర్ ఎత్తి, కుడిచేత్తో మూతని కాస్త వాల్చి, దాంతోనే ఆకుల్ని అవతలికి నెట్టి అంచు దగ్గర గుటకేస్తారు. గిన్నెకి వేలు తగలదు కాబట్టి కాలే ప్రశ్నే లేదు. ఈ సాసర్ కూడా కాలే వేళ్ల కోసమే పుట్టిందని ఒక పాత కథ. టాంగ్ రాజుల కాలంలో, 780 ప్రాంతంలో, ఇక్కడి నేలని ఏలిన ట్సుయ్ నింగ్ కూతురికి టీ గిన్నె వేడికి వేళ్లు కాలేవట. కింద ఒక పళ్లెం పెట్టుకుంది. తాగేటప్పుడు గిన్నె జారుతోందని పళ్లెం మధ్యలో మైనంతో వలయం చేసింది. తర్వాత పనివాడి చేత మైనం బదులు లక్క పూతతో వలయం చేయించింది. నిజమెంతో గానీ, సాసర్ మధ్యలో గుంట ఎందుకుందో ఈ కథ విన్నాక ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

కూర్చోవడానికి చెంగ్డూ అంత హాయి ఇంకెక్కడా లేదు. కొనడానికి మాత్రం కాదు. టూరిస్టు వీధుల్లో గైవాన్లు ఎక్కువగా పెద్దవి, తాగడానికి చేసినవి. వాటిలో టీ చేసి కప్పుల్లోకి వంచుదామంటే మన చేతికి బరువు. గాజు గైవాన్లు కూడా అక్కడ చాలా అమ్ముతారు. ఆకు విప్పుకోవడం చూడ్డానికి బాగుంటుంది. తడి వేళ్లకి మాత్రం నున్నగా జారుతుంది, పట్టుకోను వీలైన అంచు చాలావాటికి ఉండదు. మేం దిగిన హాస్టల్ మెట్రోకి దగ్గర, గది శుభ్రం, పొద్దున టిఫిన్లో శాకాహారం అంటే ఆవిరి బన్ను ఒక్కటే.

జింగ్‌డెజెన్ పింగాణీ ఊరు. పింగాణీ చేసే తెల్లటి కయోలిన్ మట్టికి ఆ పేరొచ్చింది పక్కనున్న గావోలింగ్ ఊరి నుంచే. పింగాణీని ఇక్కడ 1300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇటుక సొరంగాల్లా కట్టిన ఇంపీరియల్ కిల్న్ మ్యూజియం కోసమైనా ఒక రోజు ఇవ్వొచ్చు. పాత ఫ్యాక్టరీని బాగుచేసి పెట్టిన తావోషిచువాన్‌లో శని ఆదివారాలు కుర్ర కళాకారులు బల్లలు పరుచుకుని అమ్ముతారు. చేత్తో గీసిన చేపలు, తామరలు, కోడిపుంజులు ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. ధరలు మాత్రం మన చేతికి అందేలా లేవు. అంతకంటే పెద్ద చిక్కు, అందంగా ఉన్న వాటిలో చాలావాటికి అంచు నిటారుగా ఉంది. మూత పైపైన కూర్చుంటుంది. కొందరు అమ్మేవాళ్లు నీళ్లు పోసి చూస్తామంటే మొహం చిట్లించారు. అలా చిట్లించిన చోట కొనకండి, అది అద్దాల బీరువా కోసం చేసిన సరుకు.

ఇక్కడే వసతి దగ్గర తలనొప్పి వచ్చింది. బుక్ చేసుకున్న చిన్న హోటల్లో రాత్రిపూట రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడికి విదేశీ పాస్‌పోర్టు సిస్టంలో ఎలా ఎక్కించాలో తెలియదు. గంటసేపు ఫోన్లు చేసి చివరికి వేరే చోటు చూసుకోమన్నాడు. డబ్బులు తిరిగొచ్చాయి గానీ వీకెండ్ కావడంతో రెండో గది రెట్టింపు పడింది. చిన్న ఊళ్లలో బుక్ చేసే ముందు, విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా అని మెసేజ్ పెట్టి జవాబు తెచ్చుకోండి.

ఇక చావోజౌ. గ్వాంగ్‌జౌ నుంచి హైస్పీడ్ రైలెక్కి చావోషాన్ స్టేషన్లో దిగి, టాక్సీలో పాత ఊరికి రావాలి. పాయ్‌ఫాంగ్ వీధిలో వరసగా రాతి తోరణాలు, వాటి వెనక సందుల్లో పాత మండువా ఇళ్లని గెస్ట్‌హౌసులుగా మార్చారు. మేం అలాంటి దాంట్లోనే దిగాం. గది చిన్నది, మెట్లు నిటారు, బాత్రూం తలుపు సరిగా పడదు. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను, ఎందుకంటే ముందుగదిలో టీ బల్ల ఉంది, దాని వెనక యజమానురాలు పొద్దున ఎనిమిదింటి నుంచి కూర్చుని ఉంటుంది. గది తాళం ఇవ్వడానికి ముందే టీ ఇస్తుంది. ఈ ఊళ్లో అంతే. మందుల షాపులో, స్కూటర్ రిపేరు కొట్టులో, ఎక్కడ చూసినా ఒక పళ్లెం, ఒక గైవాన్, మూడు చిన్న కప్పులు. ఎంతమంది కూర్చున్నా కప్పులు మూడే. వంతులవారీగా కడిగి పోస్తారు.

ఆ యజమానురాలు ఆంటీ చేతిని నేను దగ్గరగా కూర్చుని చూశాను. గైవాన్ పల్చగా, తెల్లగా, పువ్వూ ఆకూ లేకుండా, అంచు బయటికి తామరరేకులా విప్పారి ఉంది. దాన్నిండా ఫెంగ్‌హువాంగ్ కొండ మీద పండే డాన్‌ట్సొంగ్ అనే ఊలాంగ్ టీ ఆకు, దాదాపు అంచు దాకా. కుతకుతమనే నీళ్లు గోడ వెంబడి చుట్టూ పోసింది. నీళ్లు అంచు విప్పారడం మొదలయ్యే వంపు దగ్గర ఆగాయి, అక్కడికి ఒక్క చుక్క ఎక్కువ పోయలేదు. మూతతో పైనున్న నురుగు గీసేసి మూసింది. తర్వాత మూతని అవతలి వైపు కొద్దిగా వాల్చి, ఆకు జారనంత సన్నని సందు వదిలింది. బొటనవేలు ఈ పక్క, మధ్యవేలు ఆ పక్క, రెండూ విప్పారిన అంచు చివర మీదే. చూపుడువేలు మూత బొడిపె మీద. మిగతా రెండు వేళ్లూ గాల్లో, గిన్నెకి దూరంగా. ఎత్తడం, మణికట్టు తిప్పడం, గిన్నె నిలువుగా బోర్లా వంగడం అంతా ఒకే ఊపులో అయిపోయింది. మూడు కప్పుల మీద గుండ్రంగా తిప్పుతూ పోసింది. దీన్ని గ్వాన్ గాంగ్ నగరం చుట్టూ గస్తీ తిరగడం అంటారు. చివరి చుక్కల్ని ఒక్కో కప్పులో సమంగా రాల్చడాన్ని హాన్ షిన్ సైనికుల్ని లెక్కపెట్టడం అంటారు. ఇద్దరూ చైనా చరిత్రలో పేరున్న సేనానులు.

అక్క వంతు వచ్చేసరికి అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఒసేయ్, నాకొద్దే, నేను తాగుతా చాలు" అంది. ఆంటీ ఫోన్లో అనువాదం యాప్‌ తెరిచి ఏదో మాట్లాడి మా ముందు పెట్టింది. ముందు చల్లని నీళ్లతో అనమంటోంది. అలాగే చల్లని నీళ్లతో, తర్వాత గోరువెచ్చనివాటితో, ఆ తర్వాతే వేడి నీళ్లతో చేయించింది. సాయంత్రానికి అక్క మూడు కప్పులూ నింపింది. పళ్లెం కూడా నిండిందనుకోండి.

వేలు ఎక్కడ కాలుతుందో అక్కడే తెలిసింది. పింగాణీ పల్చనా మందమా అన్నదానికంటే నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నది ముఖ్యం. విప్పారిన అంచుకి నీళ్లు తగలకపోతే అది పట్టుకోదగ్గంతగానే ఉంటుంది, నీళ్లు అక్కడికి ఎక్కితే ఎంత ఖరీదైన గైవానైనా ఒకటే. రెండోది ఆవిరి. మూత సందు వేళ్ల వైపు ఉంటే ఆవిరి నేరుగా వేలికి కొడుతుంది, కాబట్టి సందు ఎప్పుడూ పోసే వైపే ఉండాలి. డాన్‌ట్సొంగ్ లాంటి ఆకు నాలుగైదు సార్లు నీళ్లు పోశాక ఉబ్బి మూతని పైకి లేపేస్తుంది. అప్పుడు చుట్టూ సందులే. ఆకు తక్కువ వేసుకోవడమే దానికి మందు. మూడోది భయం. మెల్లగా, కొంచెం కొంచెంగా వంచితే గిన్నె చేతిలో ఉండే సేపు పెరిగి, వేడి వేలికి ఎక్కుతుంది. కింద పడేస్తామేమో అనిపిస్తే సాసర్‌తో సహా ఎత్తి, బొటనవేలు మూత మీద నొక్కి పోయొచ్చు. చావోజౌలో ఎవరూ నవ్వరు, నవ్వినా ఇంకో కప్పు పోస్తారు. మొదట్లో గ్రీన్ టీ పెట్టుకోవడం ఇంకా సుఖం, దానికి 80 డిగ్రీల నీళ్లు చాలు.

కొనడానికి ఊరి పక్కనే ఫెంగ్‌షీ ఉంది, వీధులకి వీధులు పింగాణీ కొట్లే. 100 నుంచి 120 మిల్లీలీటర్ల గైవాన్ మన చేతులకి సరిపోతుంది. అక్క చెయ్యి నాకంటే చిన్నది, తనకి 100ది కుదిరింది, నాకు 120ది. పెట్టె మీద రాసే కొలత అంచు దాకా కాబట్టి పట్టే టీ ఇంకా తక్కువే. బొటనవేలు, మధ్యవేలు చాచి అంచుకి ఆ పక్కా ఈ పక్కా పెట్టండి, వేళ్లు లాగినట్టు అనిపిస్తే పెద్దదన్నమాట. మూత గిన్నె లోపలికి కాస్త దిగి కూర్చోవాలి, అటూ ఇటూ కదిపినా గీరుకోకూడదు. బొడిపె పొడుగ్గా ఉంటే వేలు వేడికి దూరంగా ఉంటుంది. చివరగా వేడి నీళ్లు పోయించి మీరే వంచి చూడండి. మేం అడిగిన కొట్లో అమ్మాయి అడక్కుండానే కెటిల్ పెట్టింది. పువ్వులేని తెల్లదానికి టీ కప్పుల సెట్టులో సగం ధర కూడా కాలేదు.

చావోజౌలో మిగతావి త్వరగా చెప్పేస్తాను. గ్వాంగ్‌జీ వంతెన మధ్య భాగం 18 పడవల మీద నిలబడుతుంది, తప్పకుండా చూడాలి. డాన్‌ట్సొంగ్ తోటలున్న కొండకి కారు మాట్లాడుకుని వెళ్లొచ్చు, మార్చి, ఏప్రిల్‌లో కోత చూడొచ్చు. దారి మెలికలు, కడుపులో తిప్పేవాళ్లు మాత్ర వేసుకోండి. తిండి మాత్రం శాకాహారులకి కష్టం. ఊరంతా గొడ్డుమాంసం, నత్తగుల్లలు. స్టేషన్ దగ్గర్నుంచి ఎవరైనా ఉచితంగా టీ తాగిస్తామని వెంటపడితే వెళ్లకండి. మమ్మల్ని అలా తీసుకెళ్లిన ఒక కొట్లో రెండు కప్పుల తర్వాత గ్రాము లెక్కన ధరలు మొదలయ్యాయి. నచ్చలేదని లేచొచ్చేశాం.

తిరుగు ప్రయాణంలో గ్వాంగ్‌జౌలో ఒక పూట ఉంటే మెట్రో ఒకటో లైన్‌లో ఫాంగ్‌ట్సున్ దగ్గర దిగండి. చైనాలోని అతి పెద్ద టీ హోల్‌సేల్ మార్కెట్లలో అదొకటి. గైవాన్ చౌకే గానీ తొందరపెడతారు, నీళ్లు పోసి చూసే ఓపిక అక్కడ తక్కువ. ఆకు కొనడానికే వెళ్లండి. గైవాన్‌ని మూత వేరుగా, గిన్నె వేరుగా బట్టల్లో చుట్టి చేతి సంచిలోనే పెట్టుకోండి. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం మోసుకురావద్దు, ప్లగ్గు మన గోడలకి దిగదు, ఇంట్లోని మామూలు కెటిల్‌తో పని జరుగుతుంది.