తోడి గాంధారం దగ్గర నన్ను ముంచిన యాప్

పోయినేడాది అడిగుంటే ఈ పాటల సాధన యాప్‌కి ఐదు చుక్కలూ ఇచ్చేదాన్ని. 16 నెలలు వాడాక చేయి రావడం లేదు.

మన గొంతు తెర మీద గీతలా పాకడం, శ్రుతిలో ఉంటే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు, ఇదంతా అందరికీ తెలిసిందే. మాయామాళవగౌళ రాగంలో సరళి వరుసలు, జంట వరుసలు లాంటి తొలి పాఠాలు పాడినన్నాళ్లూ బాగా పనికొచ్చింది. అవరోహణలో నా అంతర గాంధారం (ఆ రాగంలో వచ్చే 'గ' స్వరం) కాస్త దిగిపోతోందని పట్టుకున్నది అదే. చిన్నప్పుడు నాలుగేళ్లు నేర్చుకున్నా నాకా సంగతే తెలీదు. మా అపార్ట్‌మెంట్లో ముగ్గురి చేత వేయించాను కూడా.

తర్వాత తోడి రాగంలో వర్ణం (తొలి పాఠాలయ్యాక నేర్పే పెద్ద రచన) ఎత్తుకున్నా. గాంధారం వచ్చిన చోటల్లా ఎరుపే, మార్కులు 40 దాటవు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, అటు రిషభం (రి) వైపు, ఇటు మధ్యమం (మ) వైపు ఊగుతూనే ఉంటుంది. నాకు తెలుసు. తెలిసీ మార్కుల ఆశకి ఊపు తగ్గించుకుంటూ వచ్చాను. మూడు వారాలకి 91 వచ్చింది! ఆదివారం వీడియో కాల్లో గర్వంగా పాడితే, టీచర్‌గారు మొదటి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) కాకముందే ఆపేశారు. "గాంధారాన్ని హార్మోనియం మెట్టులా నొక్కి పెట్టావేంటమ్మా? తోడి ఏదీ?" ఆ అలవాటు వదిలించుకోడానికి రెండు నెలలు పట్టింది.

మా తమ్ముడిది సాఫ్ట్‌వేరు. పిచ్ (గొంతు ఏ స్థాయిలో పలుకుతోందో) కనిపెట్టడం మెషీన్ లెర్నింగ్‌కి పెద్ద పని కాదట. 2018లో వచ్చిన క్రేప్ లాంటి మోడళ్లు 10 మిల్లీసెకన్లకోసారి చెప్పేస్తాయట. నిజమే, నా గమకం, అంటే స్వరాన్ని ఊపడం, తెర మీద అలలు అలలుగా చక్కగానే పడుతోంది. మార్కులేసేటప్పుడే పన్నెండు స్వరస్థానాల స్కేలు తీసి కొలుస్తోంది. బార్సిలోనాలో పాంపెయూ ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లోనే కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు మొదలుపెట్టి, కర్ణాటక సంగీతాన్ని దాని లెక్కలోనే కొలవాలని కూర్చున్నారు. కర్ణాటక సంగీతం నేర్పుతానని చందా తీసుకునే యాప్‌కి ఆ మాత్రం పట్టకపోతే ఒళ్లు మండదా?

సరళి వరుసల మెప్పులోనూ కాస్త కోత పెట్టాలి. ఇయర్‌ఫోన్స్ లేకుండా పాడితే శ్రుతి కోసం వెనక తను వేసే తంబురా తనే విని ఆకుపచ్చ గీసుకునేది. మొదటి నెల నా మార్కుల్లో కొన్ని ఆ తంబురావే అయ్యుంటాయి.

ఇప్పుడు తోడి పాడేటప్పుడు ఫోన్ బోర్లా పెట్టేస్తున్నా, తంబురా మాత్రం దాన్లోదే. నాకంటే వారం వారం వినే టీచర్‌గారున్నారు. లేనివాళ్లకి వర్ణాల దాకా దీన్ని నమ్ముకోమని చెప్పలేను. మా పాప సరళి వరుసలు మొదలెట్టింది కాబట్టి ఇంకో ఏడాది కడతానేమో. మార్కులు కనపడకుండా దాచే వీలుందేమోనని సెట్టింగులన్నీ వెతికాను. లేదు.