‘డీ-76 టైపు’ డెవలపర్ పొడి కొన్నారా? బీ కవరు ఒకసారి వాసన చూడండి

చెన్నైలో బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు ఇంట్లోనే కడుక్కునేవాళ్ళకి ఈ మాట. డీ-76 అంటే కొడాక్ వాళ్ళ పాత డెవలపర్, ఫిల్ము మీద బొమ్మని తేల్చే మందు. ఆన్‌లైన్లో మెసేజి పెడితే కొరియర్లో వచ్చే ‘డీ-76 టైపు’ డెవలపర్ పొడి ఒకటి తిరుగుతోంది. రెండు జిప్ కవర్లు, చిన్నదాని మీద ఏ, పెద్దదాని మీద బీ అని మార్కరుతో రాసి ఉంటుంది. కంపెనీ లేబుల్ లేదు, తయారీ తేదీ లేదు. లీటరుకి 350 రూపాయలు. మీ దగ్గర అది ఉంటే ఇప్పుడే కలపకండి. కలిపేసి ఉంటే అందులో రీలు వెయ్యకండి. నాకు రెండు రీళ్ళు పోయాయి. అమ్మినతని పేరు రాయను. అతని మీద కక్షేమీ లేదు, ఆ కవరులో ఏముందో నలుగురికీ తెలిస్తే చాలు.

మైలాపూరు కపాలీశ్వరుడి పంగుని ఉత్సవంలో ఎనిమిదో రోజు అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపు. మళ్ళీ కావాలంటే ఏడాది ఆగాలి. మధ్యాహ్నం నుంచి మాడవీధిలో ఒక మజ్జిగ పందిరి పక్కన నిలబడి మూడు హెచ్‌పీ5 (బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము) రీళ్ళు తీశాను. ఒక్కో రీలు వెయ్యి దాకా పడుతోంది ఇప్పుడు. ఇంటికొచ్చి చూసుకుంటే డెవలపర్ లేదు, ఎప్పుడూ కొనేచోట స్టాకు లేదు. ఎవరో ఈ పొడి సంగతి చెప్పారు. అప్పటికి ఆత్రం మీదున్నాను.

శనివారం రాత్రి క్యాన్ నీళ్ళు 50 డిగ్రీల దాకా వేడి చేసి, ముందు ఏ, అది కరిగాక బీ వేసి కలిపాను. చక్కగా కరిగింది. సీసాలో నిండా పోసి మూత బిగించి పడుకున్నాను. పొద్దున్న చూస్తే సీసాలో టీ డికాక్షన్.

అక్కడే ఆగాల్సింది. ఫోటో తీసి అతనికి పంపాను. వెంటనే వాయిస్ మెసేజి వచ్చింది: “అన్నా, రంగు మారడం నార్మల్. రోడినాల్ చూడండి, కాఫీ రంగులో ఉన్నా పని చెయ్యట్లేదా?” ఇందులో చిక్కేమిటంటే రోడినాల్ గురించి అతను చెప్పింది నిజమే. 1891 నుంచి ఉన్న డెవలపర్ అది, సీసాలో నల్లబడిపోయి ఏళ్ళు గడిచినా పనిచేస్తుంది. కానీ డీ-76 తీరు వేరు. కలిపిన కొత్తలో నీళ్ళలా ఉండాలి, మహా అయితే కాస్త పసుపు ఛాయ. రాత్రికి రాత్రి గోధుమరంగుకి తిరిగిందంటే లోపల బొమ్మ తేల్చే రెండు మందులు, మెటాల్, హైడ్రోక్వినోన్, గాలికి ఖర్చైపోతున్నట్టే. నాకు ఈ తేడా తెలుసు కూడా. అయినా నమ్మాను, ఎందుకంటే నమ్మాలని ఉంది.

ఫిల్ము కడిగే ట్యాంకులో రెండు రీళ్ళు ఎక్కించాను. మా ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు ఆ రోజు 33 డిగ్రీలు, ఐసుగడ్డల తొట్టిలో పెట్టి 24కి దించాను. ఒకటికి ఒకటి నీళ్ళు కలిపితే హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర ఏడున్నర సరిపోతుంది. అంతా లెక్క ప్రకారమే చేశాను. హైపో (బొమ్మని నిలిపే మందు) కూడా అయ్యాక మూత తీసి, ఫిల్ము చుట్టిన స్పైరల్ నుంచి ఓ అడుగు విప్పితే పల్చటి పసుపు మరక, దాని మీద ఎక్కడో పల్లకీ నీడలాంటిది. దీపం ఎదురుగా పట్టుకుంటే తప్ప బొమ్మ ఉందని తెలియదు.

మొదట నన్నే తిట్టుకున్నాను. సాయంత్రం వెలుతురు తగ్గాక లైట్ మీటరు సరిగా చూడలేదేమో అని. అమ్మినతనూ అదే అన్నాడు, “లైటు తక్కువ ఇచ్చుంటారు అన్నా.” ఆ మాటకి తలూపి ఊరుకునేవాణ్ణే, మా మావయ్య చూడకపోతే.

మావయ్య కోడంబాక్కంలో సినిమా స్టిల్స్ కడిగే ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేశాడు. నెగటివ్ చేతికిస్తే బొమ్మల వైపు చూడనే లేదు. అంచు చూశాడు. ఫిల్ము అంచున కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు ఉంటాయి కదా, అవి ఫ్యాక్టరీలోనే వెలుతురు చూపించి పంపుతారు. మన కెమెరాకీ మన మీటరుకీ వాటితో సంబంధం లేదు. డెవలపర్ బాగుంటే ఆ అక్షరాలు నల్లగా దిట్టంగా వస్తాయి. అక్షరాలు నల్లగా ఉండి బొమ్మ పల్చగా ఉంటే తప్పు మనది. నా రీలు మీద అంకెలు పెన్సిలుతో రాసి చెరిపినట్టున్నాయి. “నీ కెమెరా తప్పేం లేదురా, మందే చచ్చింది. ఆ పొడి మిగిలిందా?” అన్నాడు.

బీ కవరు అడుగున అరచెంచా మిగిలింది. మావయ్య దాన్ని పాత గాజు మూతలో వేసి నిమ్మకాయ చెక్క పిండాడు. ముక్కు దగ్గర పెట్టుకోలేదు, చేత్తో గాలి విసిరి వాసన చూశాడు. ఏమీ లేదు. నిమ్మకాయ వాసన తప్ప. “కాలిన అగ్గిపుల్ల ఘాటు రావాలి. రాలేదంటే ఇది సల్ఫైట్ కాదు.”

డీ-76 లీటరు ఫార్ములా 1927 నుంచీ అందరికీ తెలిసిందే: మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. అంటే పొడిలో తొంభై శాతం పైగా సల్ఫైటే. మెటాల్, హైడ్రోక్వినోన్ రెండూ గాలికి పాడవకుండా కాసేది అది, వెండి రేణువుని కాస్త కరిగించి గ్రెయిన్ (బొమ్మలో కనిపించే గరుకు) మెత్తబరిచేదీ అదే. దాని స్థానంలో సోడియం సల్ఫేట్ పడితే ఆ కాపలా లేదు. కలిపిన గంట నుంచే మందు చావడం మొదలవుతుంది. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా, తెలుగులో రాస్తే ఐత్వానికి ఏత్వం పడినంత. చూడ్డానికి రెండూ తెల్లటి పొడులే, ఉప్పూ కర్పూరంలాగా.

సల్ఫైట్ అని వాడిన డబ్బా లేబుల్ ఫోటో పంపమని అమ్మినతన్ని అడిగాను. రెండు రోజులు సాగదీసి పంపాడు, పాపం తనూ సరిగా చదవకుండానే పంపినట్టున్నాడు. సల్ఫేట్, అన్‌హైడ్రస్ (నీరు లేని రకం). పెద్ద అక్షరాల్లో. అది చూపిస్తే “చెక్ చేస్తా అన్నా” అన్నాడు, 350 వెనక్కి వేశాడు. ఆ మాత్రం చెప్పకపోతే అన్యాయం. కానీ ఈ పొద్దుటికీ అదే కవర్లు అదే ఫోటోతో అమ్మకానికి ఉన్నాయి. నా కోపం డబ్బు గురించి కాదు, అందుకు.

ఇంకో రకం కూడా ఉంది, దాన్నీ నమ్మకండి. అసలు కంపెనీ పెద్ద ప్యాకెట్టు, 3.8 లీటర్లది, విప్పి లీటరు లీటరు చొప్పున పంచి అమ్మడం. అసలు సరుకే కదా అనిపిస్తుంది. ప్యాకెట్టులో మెటాల్ ఓ ఏడెనిమిది గ్రాములు, మిగతాది సల్ఫైట్ కొండ. రవాణాలో కుదుపులకి ఏది పైకొస్తుందో ఏది అడుక్కి పోతుందో ఎవరికీ తెలియదు. చెంచాతో పంచితే ఒకరికి మెటాల్, ఇంకొకరికి ఉత్త సల్ఫైట్. పెద్ద ప్యాకెట్టు కొంటే మొత్తం ఒకేసారి కలిపి, సీసాల్లో నిండా పోసుకోవడమే. నిండుగా బిగించిన సీసా ఆరు నెలలు ఆగుతుంది, సగం ఖాళీది రెండు నెలలు.

నేనైతే ఇప్పుడు సొంతంగా కలుపుతున్నాను. ప్యారిస్ కార్నర్లో కెమికల్ షాపులో సీలున్న డబ్బాలు కొన్నాను. కౌంటర్ దగ్గరే లేబుల్ మూడుసార్లు చదివాను, షాపతను నవ్వాడు. సల్ఫైట్ అన్‌హైడ్రస్ అవునో కాదో కూడా చూడండి. నీరు పట్టిన స్ఫటికం రకం అయితే 100 గ్రాములకి బదులు 200 వెయ్యాలి. ఇంటికొచ్చాక చిటికెడు సల్ఫైట్ నీళ్ళలో కలిపి, గాయాలకి రాసే బెటాడిన్ ఒక చుక్క వేశాను. గోధుమరంగు చటుక్కున మాయమైంది. సల్ఫేట్ అయితే రంగు అలాగే ఉంటుంది. ఈ పరీక్ష విడి డబ్బాకే, అన్నీ కలిసిన పొడికి చెయ్యకండి, అందులో మిగతావి కూడా రంగు పోగొడతాయి. నిమ్మకాయ పరీక్ష కూడా చిటికెడుతోనే, కిటికీ దగ్గర. ఉబ్బసం ఉన్నవాళ్ళు దాని జోలికి పోకండి.

బోరాక్స్ అంటే మన వెలిగారమే, కంసాలి వాడేది. దీని కోసం పెద్దగా వెతకక్కర్లేదు. తూకానికి మాత్రం పాయింట్ గ్రాము చూపించే చిన్న కాటా కావాలి, కూరగాయల కాటా మీద రెండు గ్రాములు తూచలేం. కలిపే వరసలో నేను ఒకసారి తడబడ్డాను: సల్ఫైట్ అంతా ముందే పోసేస్తే మెటాల్ కరగదు, తెల్లటి నలకలు తేలుతూ ఉంటాయి. చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్, ఆపైన హైడ్రోక్వినోన్, చివర వెలిగారం. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, మావయ్య వేళ్ళ మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

ఏ డెవలపరైనా, కంపెనీదైనా సొంతదైనా, రీలు ఎక్కించేముందు నాలిక ముక్కతో చూసుకోండి. రీలు మొదట బయటికి ఉండే ఆ ముక్కకి ఎలాగూ వెలుతురు తగిలే ఉంటుంది. గది వెలుతురులోనే సగం ముక్క మందులో ముంచితే నిమిషం రెండు నిమిషాల్లో నల్లబడటం మొదలై, ఐదు నిమిషాలకి బొగ్గులా అవ్వాలి. తర్వాత ముక్క మొత్తం హైపోలో వేస్తే మునగని సగం తేటగా అద్దంలా అవ్వాలి. మందు సంగతీ హైపో సంగతీ ఒకేసారి తేలిపోతాయి. ఎక్స్‌టాల్ అనే ఇంకో డెవలపర్ వాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, అది రంగు మారకుండానే, ఏ సూచనా లేకుండా చచ్చిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. నాలిక ముక్కకి తగిలిన వెలుతురు అంతా ఇంతా కాదు కాబట్టి సగం చచ్చిన మందు కూడా దాన్ని ఎంతో కొంత నల్లబరుస్తుంది. అందుకే మంచి మందులో కడిగిన ముక్క ఒకటి దాచుకుని, దాని పక్కన పెట్టి చూడాలి. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఒకటి పిన్ను కొట్టి ఉంచాను. పాత సీసాలో మిగిలిన గోధుమరంగు మందులో ముంచిన ముక్క దాని పక్కనే ఉంది, అది బూడిదరంగు.

మూడో రీలు నిన్న సొంత మందులో కడిగాను. అంచు మీద అంకెలు దట్టంగా నల్లగా వచ్చాయి. మజ్జిగ పందిరి ఉంది, పల్లకీలు ఉన్నాయి. రెండు ఫ్రేముల్లో నిజంగానే లైటు తక్కువిచ్చాను, అది నా తప్పే. మొదటి రెండు రీళ్ళని స్కానర్లో పెట్టి లాగితే ఓ ఏడెనిమిది బొమ్మలు గీతలూ మచ్చలతో బయటపడ్డాయి.

అవే కవర్లు మీ దగ్గర ఉంటే బీ లోంచి చిటికెడు తీసి నిమ్మరసం పిండి చూసి, అగ్గిపుల్ల వాసన వచ్చిందో లేదో కింద రాయండి. ఎప్పుడు కొన్నారో కూడా రాయండి. ఎన్ని ప్యాకెట్లు ఇలా బయటికి వెళ్ళాయో తేలితే అతనితో ఇంకోసారి మాట్లాడతాను.