సప్లిమెంట్ షాపు అరలో ఏది కొనాలి, ఏది వదిలేయాలి: అనంతపురం, కర్నూలు, కడప జిమ్ముల వాళ్ల కోసం

నాలుగు జిమ్ములున్న చోట ఒక సప్లిమెంట్ షాపు ఉండటం ఇప్పుడు మన మూడు ఊళ్లలోనూ మామూలే. పాల విరుగుడు నీటి నుంచి తీసే వే ప్రొటీన్, దాన్నే ఇంకా శుద్ధి చేసిన ఐసోలేట్, బరువు పెంచుతామనే మాస్ గెయినర్, కండకు బలమిచ్చే క్రియాటిన్, మూడు అమైనో యాసిడ్ల (ప్రొటీన్‌ను కట్టే ముక్కల) మిశ్రమం బీసీఏఏ, వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కౌట్, ఫిష్ ఆయిల్ డబ్బాలతో అర నిండుగా ఉంటుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తెల్లారకముందే పరిగెత్తే కుర్రాడికీ, కబడ్డీ ఆడేవాడికీ, పొట్ట తగ్గాలని వచ్చే ఉద్యోగికీ చాలాసార్లు ఒకే కాంబో అంటగడతారు. ఆ అరలో పెట్టిన డబ్బుకు తగ్గ పని చేసేవి రెండే: వే ప్రొటీన్, క్రియాటిన్. ఆ రెండూ కూడా అందరికీ అవసరం లేదు.

ముందు ఇంటి కంచం లెక్క తేల్చుకోవాలి. మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్క. బరువులెత్తేవాళ్లకు, రోజూ గట్టిగా సాధన చేసేవాళ్లకు 1.4 నుంచి 2 గ్రాములు కావాలి. 60 కిలోల కుర్రాడు 1.6 లెక్కన 96 గ్రాములు తినాలి. పావు కిలో బియ్యం అన్నంలో 19, 50 గ్రాముల కందిపప్పులో 11, 50 గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో 12, మూడు గుడ్లలో 18, పాలు పెరుగు కలిపి అర లీటరులో 16. మొత్తం 76. తక్కువ పడేది 20 గ్రాములు. పౌడర్ కొనేది ఆ 20 గ్రాముల కోసమే. అదే లోటు 40 గ్రాముల మీల్ మేకర్‌తోనూ తీరుతుంది. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం అన్నం చారు, రాత్రి మళ్లీ అన్నం చారు తినేవాడికి లోటు 50 గ్రాములు దాటుతుంది. అతను ఒక స్కూపు కలుపుకుంటే సగం కూడా పూడదు, ముందు కంచం మారాలి. 2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వద్దనే చెప్పాయి. తిండి సరిగ్గా దొరికే ఇంట్లో అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. హాస్టల్‌లో ఉంటూ రెండు పూటలా సాధన చేసేవాళ్లకు, గుడ్డు మాంసం ముట్టనివాళ్లకు మాత్రం ఒక స్కూపు ఉపయోగపడుతుంది.

వే కొనేటప్పుడు డబ్బా ముందు వైపు పెద్దక్షరాలను వదిలేసి వెనక పట్టిక చూడండి. మొదట స్కూపు బరువెంత, అందులో ప్రొటీన్ ఎంత అన్నది చూడాలి. 33 గ్రాముల స్కూపులో 24 గ్రాములుంటే 73 శాతం, ఫ్లేవర్ కలిపిన కాన్సంట్రేట్‌కు (ఐసోలేట్ అంత శుద్ధి చేయని మామూలు వేకు) అది మంచి లెక్కే. 40 గ్రాముల స్కూపులో 24 అంటే 60 శాతం, మిగతాది చక్కెర, కోకో, పిండి. తర్వాత ధరను ప్రొటీన్ గ్రాముల మీద భాగించాలి. కిలో డబ్బా 3,000 రూపాయలు అనుకుంటే 73 శాతం లెక్కన అందులో దాదాపు 730 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, గ్రాము నాలుగు రూపాయల పైమాట. గుడ్డు ఏడు రూపాయలైతే దాంట్లో గ్రాము ప్రొటీన్ రూపాయి ఇరవై పైసలకు లోపే. మీల్ మేకర్ కిలో 180 అయితే గ్రాము 35 పైసలు. శెనక్కాయ విత్తనాలు కిలో 150 పెట్టి కొన్నా గ్రాము 60 పైసలే. కాకపోతే 100 గ్రాముల విత్తనాల్లో 25 గ్రాముల ప్రొటీన్‌తో పాటు 49 గ్రాముల కొవ్వు, 560కి పైగా కేలరీలు ఉంటాయి. సన్నగా ఉండి బరువు పెరగాల్సినవాడికి అది వరం, తగ్గాల్సినవాడికి గుప్పెడు మించితే లెక్క తప్పుతుంది. మన జిల్లా పంటే కదా అని బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఏరకుండా తినొద్దు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు.

పట్టికలో అమైనో యాసిడ్ల వివరాలు కూడా చూడాలి. నిఖార్సైన వేలో 24 గ్రాముల ప్రొటీన్‌కు ల్యూసిన్ సుమారు 2.5 గ్రాములు, మొత్తం బీసీఏఏ 5.5 గ్రాముల దగ్గర ఉండాలి. ల్యూసిన్ ఒకటిన్నర గ్రాము దగ్గరే ఆగిపోయిందా, పైగా పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్, క్రియాటిన్ కనిపిస్తున్నాయా, ఆ డబ్బాను అనుమానించాల్సిందే. ల్యాబులో ప్రొటీన్‌ను మామూలుగా నేరుగా కొలవరు. నైట్రోజన్ కొలిచి, దాన్ని ఒక అంకెతో గుణిస్తారు. చవక అమైనో యాసిడ్లు కలిపితే నైట్రోజన్ పెరుగుతుంది, కాగితం మీద ప్రొటీన్ పెరిగినట్టు కనిపిస్తుంది, కండకు చేరేది మాత్రం తక్కువే. దీన్నే అమైనో స్పైకింగ్ అంటారు. యూట్యూబ్‌లో చూపించే నీళ్లలో మునగడం, నురగ రావడం లాంటి పరీక్షలకు ఇది దొరకదు. అయోడిన్ చుక్క వేస్తే నల్లబడటం పిండి కలిసిందని మాత్రమే చెబుతుంది. మన దేశంలో అమ్మే 36 ప్రొటీన్ పౌడర్లను కేరళ వైద్యుల బృందం పరీక్షించి 2024లో ‘మెడిసిన్’ పత్రికలో ఫలితాలు వేసింది. వాటిలో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క నిజం కాదని తేలింది. కాబట్టి లేబుల్ చదవడం మొదటి జల్లెడ మాత్రమే. బ్యాచ్‌వారీగా బయటి ల్యాబు రిపోర్టు పెట్టే కంపెనీదైతేనే డబ్బు పెట్టాలి.

కాన్సంట్రేటా, ఐసోలేటా అన్న ప్రశ్నకు జవాబు మీ పొట్టే చెబుతుంది. పాలు తాగితే గ్యాస్, కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్లకు కాన్సంట్రేట్‌లోని పాల చక్కెర లాక్టోజ్ పడదు, ఐసోలేట్ తీసుకోవాలి. మిగతావాళ్లు ఐసోలేట్‌కు అదనంగా పెట్టే డబ్బుతో కండ ఎక్కువేమీ రాదు. వేడి వేడి పాలలో పౌడర్ వేస్తే గడ్డలు కడుతుంది. ప్రొటీన్ ఎక్కడికీ పోదు గానీ గొంతు దిగదు. ముందు చల్లటి నీళ్లు పోసి, తర్వాత పౌడర్ వేసి కుదపండి. పౌడర్ ముందు వేస్తే షేకర్ అడుగున అంటుకుపోతుంది. తాగిన షేకర్‌ను మన ఎండల్లో రెండు గంటలు బ్యాగులో ఉంచితే వాసన పట్టేస్తుంది. వెంటనే కడిగి మూత తీసి ఆరబెట్టాలి.

నకిలీ సరుకు బెడద పెద్ద బ్రాండ్లకే ఎక్కువ. ఖాళీ డబ్బాల్లో వేరే పౌడర్ నింపి అమ్మడం దేశమంతా ఉంది. షాపులో మూత తెరిపించి సీల్ చూడండి. అంచు చుట్టూ సమంగా అతుక్కుని, బ్రాండ్ ముద్రతో ఉండాలి. జిగురు మరకలు, రెండో పొర, ఒక పక్క లేచిన అంచు కనిపిస్తే అక్కడే తిరిగి ఇచ్చేయాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు ఉన్న స్టిక్కర్ తప్పనిసరి. దిగుమతికి కేంద్ర లైసెన్స్ కావాలి, ఆ నంబరు 100తో మొదలవుతుంది. ఆ నంబరును ఎఫ్ఎస్ఎస్ఏఐ వెబ్‌సైట్‌లో వెతికితే కంపెనీ పేరు వస్తుంది, అది డబ్బా మీది పేరుతో కలవాలి. గీకి చూసే కోడ్ ఉంటే డబ్బా మీది క్యూఆర్‌ను స్కాన్ చేయకుండా, కంపెనీ వెబ్‌సైట్ పేరు మీరే టైప్ చేసి అందులో కోడ్ కొట్టండి. నకిలీ క్యూఆర్ నకిలీ సైట్‌కే తీసుకెళ్లి “అసలుదే” అని చూపిస్తుంది. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోవాలి. బిల్లు ఇవ్వనంటే కొనకండి, ఎంత తగ్గించినా సరే. జిమ్ ట్రైనర్ కవర్లో పోసిచ్చే లూజు పౌడర్ అసలు ముట్టుకోవద్దు. అందులో ఏం కలిసిందో ఇచ్చినవాడికైనా తెలుస్తుందన్న నమ్మకం లేదు.

క్రియాటిన్ విషయంలో మాత్రం అంత గందరగోళం లేదు. క్రియాటిన్ మోనోహైడ్రేట్ అని రాసి, ఇంకేమీ కలపనిదే తీసుకోవాలి. హెచ్‌సీఎల్ అనీ, బఫర్డ్ అనీ ఎక్కువ ధరకు అమ్మేవి దీనికంటే బాగా పనిచేస్తాయనడానికి ఆధారం లేదు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు, వ్యాయామం లేని రోజు కూడా, ఏ పూటైనా సరే. 250 గ్రాముల ప్యాకెట్ 5 గ్రాముల లెక్కన 50 రోజులు వస్తుంది. ఐదారు రోజులు 20 గ్రాములు వేసుకునే లోడింగ్‌తో ఫలితం త్వరగా వస్తుందంతే. 5 గ్రాములతో మొదలుపెట్టినా మూడు నాలుగు వారాల్లో అక్కడికే చేరతారు, కడుపు కూడా పాడవదు. రాత్రి నీళ్లలో కలిపిపెట్టి పొద్దున తాగితే కొంత పనికిరాని క్రియాటినిన్‌గా మారిపోతుంది, కలిపిన వెంటనే తాగేయాలి.

దీని గురించి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. మొదట్లో కిలో రెండు కిలోల బరువు పెరుగుతారు, అది కండలో చేరే నీరు. షాట్‌పుట్, బరువులు, కబడ్డీ, 100 మీటర్ల పరుగులకు ఇది మంచిదే. 1600 మీటర్ల పరుగే మీ గండమైతే, ఈవెంట్స్‌కు నెల ముందు కొత్తగా మొదలుపెట్టొద్దు. అదనపు బరువు నాలుగో రౌండులో కాళ్ల మీద పడుతుంది. రెండోది, క్రియాటిన్ వాడేవాళ్ల రక్తంలో, కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి కొలిచే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. కిడ్నీలు బాగున్నా రిపోర్టు చూసి ఇంట్లో అందరూ హడలిపోతారు. మొదలుపెట్టే ముందే ఒకసారి పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోండి, తర్వాత పరీక్ష చేయించేటప్పుడు వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా క్రియాటిన్ గానీ, ఎక్కువ మోతాదు ప్రొటీన్ గానీ తీసుకోకూడదు.

మాస్ గెయినర్ ఈ అరలో అతి పెద్ద డబ్బా, అతి తక్కువ విలువ. 100 గ్రాముల్లో 15 గ్రాముల ప్రొటీన్, 70 గ్రాములకు పైగా మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే చవక పొడి), చక్కెర ఉండే రకాలే ఎక్కువ. మూడు కిలోల డబ్బా 2,100కే వస్తోందని సంబరపడితే, అందులో ప్రొటీన్ 450 గ్రాములే, గ్రాము నాలుగు రూపాయల అరవై ఐదు పైసల పైన పడుతుంది, అంటే వే కంటే ఖరీదు. బరువు పెరగాలంటే అర లీటరు పాలు, రెండు అరటిపండ్లు, 40 గ్రాముల వేయించిన విత్తనాలు, రెండు చెంచాల వేయించిన రాగిపిండి మిక్సీలో వేసుకోండి. 700 నుంచి 800 కేలరీలు, పాతిక గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తాయి. బీసీఏఏ అయితే ప్రొటీన్ సరిపడా తినేవాడికి పూర్తిగా వృథా. ఫిష్ ఆయిల్‌లో 1000 మిల్లీగ్రాములు అన్నది నూనె బరువు. మామూలు క్యాప్సూల్‌లో అసలు పనిచేసే ఒమేగా 3 కొవ్వులు ఈపీఏ 180, డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములు మాత్రమే. 60,000 యూనిట్ల విటమిన్ డి రోజూ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అది డాక్టరు రాస్తే వారానికొకసారి, కొన్ని వారాలు మాత్రమే వాడే మోతాదు. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుంది.

ప్రీ వర్కౌట్‌లో పనిచేసేది ప్రధానంగా కెఫీన్. కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు చాలు, 60 కిలోల మనిషికి 180. చాలా డబ్బాల్లో ఒక్క స్కూపులోనే 200 నుంచి 300 ఉంటుంది. చర్మం మీద చీమలు పాకినట్టు ఉండేది అందులో కలిపే బీటా అలనిన్ అనే అమైనో యాసిడ్ వల్ల, అది మందు గట్టిదనడానికి గుర్తు కాదు. ప్రొప్రైటరీ బ్లెండ్ అని రాసి ఒక్కో పదార్థం ఎంతో చెప్పనిది కొనొద్దు. సాయంత్రం ఆరింటికి తాగితే రాత్రి పదకొండుకు కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది, నిద్ర చెడుతుంది, నిద్రతోపాటు కండ పెరగడమూ చెడుతుంది. పొడిగా నోట్లో వేసుకోవడం ప్రమాదం. 40 డిగ్రీలు దాటిన రోజు పరుగుకు ముందు ఇది ఒద్దే ఒద్దు, గుండె వేగం ఎండకే పెరిగి ఉంటుంది.

మన ఎండలకు అసలు కావాల్సింది నీళ్లు, ఉప్పు. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా మెల్లగా తాగాలి. గంట లోపు సాధనకు నీళ్లు చాలు. అంతకు మించితే లీటరు పలుచటి మజ్జిగలో అర టీ చెంచా ఉప్పు. ఓఆర్ఎస్ అయితే లీటరు ప్యాకెట్ మొత్తం ఒక లీటరులో కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే చిక్కబడి విరేచనాలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా కాని తీపి పానీయాలకు ఓఆర్ఎస్ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది, పాత స్టాకు కనిపిస్తే పట్టిక చదవండి.

జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో పోటీ పడేవాళ్లకు ఇంకొక జాగ్రత్త ఉంది. డోపింగ్ నిబంధనల్లో ఒంట్లో నిషిద్ధ పదార్థం దొరికితే బాధ్యత ఆటగాడిదే, డబ్బా మీద రాయలేదన్న జవాబు చెల్లదు. కాబట్టి ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ లాంటి బ్యాచ్ పరీక్ష ముద్ర ఉన్నదే తీసుకుని, ఆ బ్యాచ్ నంబరు వాళ్ల సైట్‌లో ఉందో లేదో చూడాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు ఈ అరలో ఏదీ అవసరం లేదు. గుడ్డు, పాలు, పప్పు, రాగి సంగటి, నిద్ర సరిపోతాయి.

ఇంటికి తెచ్చాక డబ్బాను రేకుల గదిలోనూ, కిటికీ పక్కనా పెట్టకండి. ఫ్రిజ్‌లోనూ వద్దు, బయటికి తీసినప్పుడల్లా తేమ పట్టి గడ్డ కడుతుంది. తడి చెంచా పెట్టకుండా, లోపలి సిలికా పొట్లం తీసేయకుండా మూత బిగించి ఉంచాలి. తెరిచిన తేదీ డబ్బా మీద రాసుకోండి, రెండు మూడు నెలల్లో అయిపోయే సైజే కొనండి. పోటీలకు వెళ్లేవాళ్లు బిల్లు, సీల్, చివరి స్కూపు పౌడర్ ఉన్న డబ్బా సీజన్ అయ్యేదాకా పారేయకుండా ఉంచుకోవాలి.