కొట్టులో పెరిగిన రచయిత: లారెన్స్ యెప్ ‘ది లాస్ట్ గార్డెన్’

రెండేళ్ళ క్రితం టీచర్ల ట్రైనింగ్‌లో ఒకాయన పిల్లల నవలల గురించి మాట్లాడుతూ లారెన్స్ యెప్ పేరు చెప్పారు. చైనా నుంచి అమెరికా వెళ్ళిన కుటుంబంలో పుట్టినాయన, పిల్లల కోసం, కుర్రకారు కోసం నవలలు రాస్తారు అని చెప్పి, ‘‘వాళ్ళకి కిరాణా కొట్టు ఉండేది’’ అని ఒక మాట అన్నారు. మిగతా ఉపన్యాసం మర్చిపోయాను గానీ ఆ కొట్టు మాట మనసులో ఉండిపోయింది. మా నాన్నది విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న కిరాణా కొట్టు. నేను పెరిగింది ఆ కొట్టులోనే.

యెప్ తన చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకం ‘ది లాస్ట్ గార్డెన్’. 1991లో వచ్చింది. మన దగ్గర పుస్తకాల షాపుల్లో అడిగాను, లేదన్నారు. ఆన్‌లైన్‌లో పాత కాపీ బుక్ చేస్తే మొదటిసారి ఇదే పేరున్న వేరే నవల వచ్చింది. తిరిగి పంపి, డబ్బులు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. కొనేవాళ్ళు పేరొక్కటే చూసి ఆర్డర్ పెట్టకండి, కవర్ మీద రచయిత పేరు చూసుకోండి. రెండోసారి వచ్చింది సరైనదే. 540 రూపాయలు పడింది. లోపలి అట్ట మీద అక్కడెక్కడిదో లైబ్రరీ ముద్ర ఉంది, కాగితాలు పసుపెక్కాయి, కానీ ఒక్క పేజీ కూడా ఊడలేదు. సన్నటి పుస్తకం. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. నాకు మాత్రం నెల పట్టింది, ఎందుకంటే చదివిన పేజీలే మళ్ళీ చదివాను.

యెప్ 1948 జూన్ 14న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. పియర్స్, ఎడ్డీ వీధులు కలిసే మూల మీద వాళ్ళ కొట్టు, పేరు లా కాంక్విస్టా. చుట్టుపక్కల ఎక్కువగా నల్లజాతి వాళ్ళ ఇళ్ళు. బడి లేనప్పుడల్లా కొట్టు పనే. ఖాళీ సీసాలు వేరు చెయ్యాలి, అరల్లో సరుకు సర్దాలి, అట్టపెట్టెలు విప్పి చదును చెయ్యాలి. ఈ పనులు చదువుతుంటే నా చేతులకి పాత అలవాట్లన్నీ గుర్తొచ్చాయి. నేను బడి నుంచి రాగానే సంచి గోనెల మీద పడేసి కూర్చునేదాన్ని. పాత పేపర్లతో పొట్లాలు చుట్టడం, చింతపండు గింజలు తియ్యడం, బెల్లం దిమ్మ కొట్టి ముక్కలు చెయ్యడం, పద్దు పుస్తకంలో ఎవరి పేజీ వాళ్ళకి తీసి నాన్నకి అందించడం నా పనులు. పండక్కి కూడా సెలవు ఉండేది కాదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు ఊరు ఊరంతా మా కొట్టు ముందు నుంచే వెళ్ళేది, నేను మాత్రం కాటా పక్కన నిలబడి మనుషుల తలల మీదుగా, కొసన పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను చూసేదాన్ని.

కొట్టులో పెరిగిన పిల్లలకి మనుషుల్ని చూడడం దానంతట అదే వస్తుంది. నెల మొదట్లో లీటరు నూనె ప్యాకెట్ అడిగే ఆవిడ, నెలాఖరుకి చిన్న సీసా తెచ్చుకుని ‘‘దీన్లో పట్టినంత పొయ్యమ్మా’’ అంటుంది. ఎవరింట్లో చుట్టాలు దిగారో వాళ్ళు కొన్న పంచదారని బట్టి తెలుస్తుంది. పాత బాకీ ఉన్నాయన కొట్టు ముందు నుంచి కాకుండా అవతలి సందులోంచి వెళ్తాడు. నాన్న అది చూసి కూడా తల తిప్పుకునేవాడు. ఇదంతా నాకు చదువు కాదనీ, చదువుకి అడ్డమనీ చిన్నప్పుడు చాలా బాధపడ్డాను. క్లాసులో మిగతావాళ్ళు ట్యూషన్‌కి వెళ్తుంటే నేను మినప్పప్పు తూచాను. యెప్ తన కొట్టుని ఎక్కడా అడ్డంకిగా చెప్పరు. అక్కడి రోజువారీ పని ఆయనకి క్రమం నేర్పింది, వచ్చేపోయే జనం ఆయనకి మనుషుల్ని నేర్పారు. ఈ సంగతి ఎవరైనా నాకు పన్నెండేళ్ళప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

పుస్తకంలో గుండెకాయలాంటి భాగం ఇంకొకటుంది. యెప్ తన్ని తాను సరిగ్గా అతకని పజిల్ ముక్కల కుప్పలాగా చూసుకున్నారు. చైనా వాళ్ళ పిల్లాడు, పెరిగింది నల్లజాతి పేటలో. చదివింది చైనాటౌన్‌లోని క్యాథలిక్ బడిలో, కానీ ఇంట్లో చైనీస్ మాట్లాడరు. బడిలో సిస్టర్లకి తెలియకూడదని పిల్లలు చైనీస్‌లో జోకులు వేసుకుంటే అవి ఈయనకీ అర్థమయ్యేవి కాదు. ఇంటి దగ్గర పిల్లలు యుద్ధం ఆట ఆడితే ఈయన ఎప్పుడూ చచ్చిపోయే జపాన్ సైనికుడు. కొరియా యుద్ధం వచ్చాక ఉత్తర కొరియా కమ్యూనిస్టు. ఇంట్లో అందరూ ఆటల్లో దిట్టలు, ఈయనకి బంతి పట్టడం రాదు. వాళ్ళమ్మ ఒహాయోలో పుట్టి వెస్ట్ వర్జీనియాలో పెరిగింది, అక్కడ వాళ్ళకి బట్టలుతికే లాండ్రీ ఉండేది. అందుకే చైనా అమ్మమ్మ కూడా చైనా కబుర్ల కంటే వెస్ట్ వర్జీనియా కబుర్లే ఎక్కువ చెప్పేదట.

నేను డిగ్రీ తర్వాత బీఈడీకి గుంటూరు వైపు హాస్టల్‌లో ఉన్నాను. ‘ఏటి’ అంటే చాలు, గదిలో అందరూ నవ్వేవారు. నెల తిరక్కుండా ‘ఏంటి’ అనడం నేర్చుకున్నాను. సెలవులకి ఇంటికొచ్చి ‘ఏంటి నాన్నా’ అంటే మా పిన్ని ‘‘ఏటే, బాస మారిపోనాదేటి?’’ అంది. అక్కడా ఇక్కడా నాలిక తడబడిన ఆ ఏడాదంతా ఈ అధ్యాయం చదువుతుంటే గుర్తొచ్చింది.

అయితే అసలు ఈ పుస్తకం నాకు ఎక్కువ ఉపయోగపడింది క్లాసులో. నేను గజపతినగరం వైపు ఒక హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను. మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ళమ్మా నాన్నా చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్ళారు, వీడు ఐదో తరగతి దాకా అక్కడే చదివాడు. తమిళం చదువుతాడు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. ఇక్కడ పిల్లలు వాణ్ణి ‘మద్రాసీ’ అంటారు. చెన్నైలో ఏమనేవారని అడిగితే, ‘‘అక్కడ తెలుగోడా అనీవోరు టీచర్’’ అన్నాడు. యుద్ధం ఆట పేజీని తెలుగులో వివరంగా చెప్పిన రోజు వాడు బెంచీ మీద ముందుకి జరిగి కూర్చున్నాడు. ఏడాదిలో వాడు అలా కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి.

చిన్నప్పుడు యెప్ లైబ్రరీ నుంచి ఓజ్ లోకం కథలు తెచ్చుకుని వరసగా చదివారు. ఆ కథల్లో మామూలు ఇంటి పిల్ల కొత్త లోకంలో పడి, కొత్త మనుషులతో, కొత్త పద్ధతులతో నెగ్గుకు రావాలి. ఆయన రోజూ తన పేట నుంచి చైనాటౌన్‌కి బస్సెక్కి దిగడమూ అదే పని కాబట్టి, అవి ఆయనకి నిజం కథల్లాగే అనిపించాయి. మన పిల్లలకి ఊహాలోకాల కథలు ఎందుకు, నీతి కథలు చాలు అనే పెద్దలు ఈ నాలుగు మాటలు చదవాలని నా కోరిక.

టీచర్‌గా నన్ను కదిలించిన సంఘటన హైస్కూల్‌ది. యెప్‌కి కెమిస్ట్రీ అంటే ఇష్టం. ఇంగ్లీష్ టీచరుగా ఉన్న ఒక ఫాదర్ కొందరు పిల్లల్ని పిలిచి, మీకు ‘ఎ’ గ్రేడ్ కావాలంటే మీరు రాసినది జాతీయ పత్రికలో అచ్చవ్వాలి అన్నారట. తర్వాత ఆయనే ఆ షరతు వదిలేశారు. యెప్ మాత్రం పంపడం మానలేదు. 18 ఏళ్ళకి ఆయన సైన్స్ ఫిక్షన్ కథని ఒక పత్రిక తీసుకుంది, మాటకి ఒక సెంటు చొప్పున డబ్బులిచ్చారు. మాట లెక్కన డబ్బులని చెప్తే మా పిల్లలు వెంటనే నోట్‌బుక్కుల్లో మాటలు లెక్కపెట్టుకున్నారు.

తర్వాతి జీవితం గురించి పుస్తకంలో తక్కువే ఉంది. మార్కెట్ (Marquette) యూనివర్సిటీలో జోఆన్ రైడర్ పరిచయమైంది, ఆమే ఆయనకి పిల్లల సాహిత్యం చూపించింది, తర్వాత భార్య అయింది. ఆమె సలహాతోనే 1973లో ‘స్వీట్‌వాటర్’ అనే మొదటి నవల వచ్చింది. 1975లో బఫెలో యూనివర్సిటీలో పీహెచ్‌డీ పూర్తయింది, అదే ఏడాది ‘డ్రాగన్‌వింగ్స్’ వచ్చింది. ఈ పుస్తకం నచ్చితే దాన్ని తప్పకుండా వెతుక్కోండి.

1909లో ఫుంగ్ జో గ్వే అనే చైనా యువకుడు తను కట్టిన విమానంలో ఓక్లాండ్ కొండల మీద ఎగిరాడు. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి ఆరేళ్ళే. ఇంత ఘనకార్యం చేసిన మనిషి గురించి యెప్‌కి మొదట దొరికినవి పత్రికల్లోని చిన్న వార్తలు. అంత కొంచెం సమాచారం చుట్టూ ఆ కాలపు చైనాటౌన్‌ని ఏళ్ళ తరబడి వెతికి ‘డ్రాగన్‌వింగ్స్’ నవల కట్టారు. అందులో మూన్ షాడో అనే ఎనిమిదేళ్ళ పిల్లాడు, ఎప్పుడూ చూడని తండ్రి దగ్గరికి ఓడలో వస్తాడు. అప్పట్లో అమెరికా 1882లో చేసిన చట్టంతో చైనా కూలీలు రావడాన్ని ఆపేసింది. అది 1943 దాకా ఉంది. దాంతో ఎందరో మగవాళ్ళు భార్యాబిడ్డల్ని ఊళ్ళో వదిలి ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికారు. ‘‘నాన్నని ఫోటోలోనే చూసేడా టీచర్?’’ అని ఒక అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి నాన్న దుబాయ్‌లో ఉంటాడు. సన్నటి కర్రల మీద మనిషి గాల్లోకి లేచే చోటు చెప్పినప్పుడు ఇంకొకడు ‘‘సిరిమాను మీద పూజారి గారిలాగా?’’ అన్నాడు. అవున్రా, అలాగే, కానీ కింద పట్టుకునేవాళ్ళు లేరు అన్నాను. క్లాసంతా ఒక్క క్షణం గాలి బిగబట్టింది.

ఆ నవలకి, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ ఆనర్ వచ్చింది. కొండల్లో సొరంగాలు తవ్వి రైలు దారి వేసిన చైనా కూలీల గురించి రాసిన ‘డ్రాగన్స్ గేట్’కి 1994లో మళ్ళీ అదే గౌరవం దక్కింది. 2005లో, జీవితమంతా పిల్లల కోసం రాసినందుకు లారా ఇంగల్స్ వైల్డర్ మెడల్ ఇచ్చారు.

ఇక లోపాలు. ‘ది లాస్ట్ గార్డెన్’లో ఏళ్ళ వరస సరిగ్గా ఉండదు, ఒక జ్ఞాపకం నుంచి ఇంకో జ్ఞాపకానికి గెంతుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు సొంతంగా చదివితే మధ్యలో దారి తప్పుతారు. పక్కన ఒక పెద్దవాళ్ళు కూర్చోవాలి. ఇంగ్లీష్ సులువే, వాక్యాలు చిన్నవి. 1991 దాకానే కాబట్టి తర్వాతి అవార్డులు, పుస్తకాల సంగతి ఇందులో ఉండదు. పెళ్ళి గురించి, రాతతో బతకడంలో పడ్డ ఇబ్బందుల గురించి ఇంకా చెప్పి ఉండాల్సింది. డబ్బులు ఎలా సర్దుకున్నారో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది. తెలుగులో ఇది నాకు కనపడలేదు. ఎవరైనా అనువాదం చేస్తే మా స్కూల్ లైబ్రరీకి పది కాపీలు నా జీతంలోంచి కొంటాను.

పుస్తకం చదవడం అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం బేరాలు లేని వేళ నాన్నకి చదివి వినిపించడం మొదలుపెట్టాను, ఇంగ్లీష్ వాక్యం చూసుకుంటూ తెలుగులో చెప్తూ. యెప్ వాళ్ళ నాన్న చైనా నుంచి పదేళ్ళ వయసులో అమెరికా వచ్చాడన్న చోట నాన్న కాటా పళ్ళెం తుడవడం ఆపాడు.

‘‘పదేళ్ళకే వచ్చీసేడా?’’

‘‘అవును నాన్నా. అక్కడ ఒక ఐరిష్ వాళ్ళ ఇంట్లో ఉన్నాడు.’’

నాన్న కాసేపు వీధి వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. సాలూరు దగ్గర ఊరి నుంచి పన్నెండేళ్ళకి వాళ్ళ మావయ్య వెంట బస్సెక్కి వచ్చాడట, ఇక్కడ ఒక పెద్ద కొట్టులో పొట్లాలు కట్టడానికి. రాత్రిళ్ళు గోనెసంచుల మీద పడుక్కునేవాడట. మొదటి నెల జీతం ఎనిమిది రూపాయలు, అందులో ఆరు వాళ్ళమ్మకి పంపాడట. నలభై ఏళ్ళు ఈ కొట్టులోనే ఆయన పక్కన కూర్చున్నాను, ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. పుస్తకం మూసేసి, పద్దు పుస్తకం వెనక ఖాళీ పేజీ తీసుకుని ఆయన చెప్పినదంతా రాసుకున్నాను. ఎవరో అర కిలో కందిపప్పుకి వస్తే లేచి తూచి, మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుని ‘‘ఊఁ, ఆ అబ్బాయేం చేసేడు, సదువు’’ అన్నాడు.